వెచ్చటి అద్దం

పెట్టె హాలు మధ్యలో రెండు ఎత్తుపీటల మీద ఉంది. పెట్టెలో అత్తయ్య ఉంది. పెట్టె మూత నేల మీద ఉంది. మూత మీద చిన్న డాక్టరు బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది.

"లే," అంది పెద్దమ్మ.

"లేవను."

"లేవమంటున్నానా!"

"లేవనంటున్నానా!"

మేకుల తాత సుత్తిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. ఉయ్యాల దగ్గర్నుంచి ఆఖరి పెట్టె దాకా ఊరివాళ్ళకి ఏం కావాలన్నా చేసిపెట్టే వడ్రంగి ఆయన. మనిషి గుమ్మంలో నిలబడితే చాలు, కంటితోనే కొలత తీసేసుకుంటాడని పేరు. అందుకే ఆయన ఎదురొస్తే ఎంత పొడుగువాళ్ళైనా కాస్త వంగి నడుస్తారు. కొలత తప్పితే చావు తప్పుతుందని ఆశ.

"చిన్న డాక్టరమ్మా," అన్నాడు తాత. పెదాల మధ్య మేకులు కరిచిపట్టుకుని ఉండటంతో మాటలు వడకట్టుకుని వస్తున్నాయి. "నా పనికి ఇంతవరకూ లోపల పడుకున్నవాళ్ళెవరూ అడ్డు చెప్పలేదు తల్లీ. బయటివాళ్ళు అడ్డం కూర్చోవడం ఇదే మొదలు."

"లోపలివాళ్ళు చెప్పలేరు కాబట్టే తాతా, బయట నేను కూర్చున్నాను."

"విన్నారా? ఆ నోరు విన్నారా!" పెద్దమ్మ భర్త వైపు తిరిగింది. "తండ్రి లేని పిల్ల, తల్లి లేని పిల్ల అని నెత్తికెక్కించుకున్నారు. బొమ్మలిచ్చి ఆడుకోమనాల్సిన వయసులో ఎముకలిచ్చి ఆడుకోమన్నారు. ఇప్పుడు చూడండి, పీనుగు మూత ఎక్కి కూర్చుంది!"

పెద్ద డాక్టరు నిప్పుగూటికి వీపు ఆనించి నిలబడి, కోటు మీదనుంచే గుండె రాసుకుంటున్నాడు. చిన్న డాక్టరుకి పెదనాన్న, గురువు, పెట్టెలో ఉన్నావిడకి అన్నగారు. చెల్లెలు పోయిందని పొద్దున్నే తేల్చి చెప్పింది కూడా ఆయనే.

ఆయన నిప్పు వదలకపోవడంలో వింతేమీ లేదు. ఆ రాతిమేడ చలి అలాంటిది. అక్కడి పిల్లి ఎలుకను పట్టుకుంటే తినదట, కప్పుకుని పడుకుంటుందట. వెచ్చగానే ఉంది కదా అని ఎలుక కూడా ఊరుకుంటుందట. ఊళ్ళో అలా చెప్పుకుంటారు.

అంతలో మేడమీదనుంచి గడియారం చప్పుడు వినిపించింది. టిక్కు, టిక్కు, టిక్కు.

అది బావ గది. బావంటే అత్తయ్య ఒక్కగానొక్క కొడుకు. గడియారాలు బాగుచేసేవాడు. చిన్న డాక్టరుకి మొగుడు కావలసినవాడు. కిందటి చలికాలం జ్వరంలో అతన్నీ ఇదే హాల్లో, ఇలాంటి పెట్టెలోనే పడుకోబెట్టారు. కొండ కింద, ఇంట్లో పోయినవాళ్ళ పెట్టెలుంచే రాతిగదిలో పెట్టి వచ్చారు. తర్వాత అత్తయ్య పైగదికి తాళం వేసి, తాళంచెవి మెళ్ళో కట్టుకుంది. రోజూ పొద్దుగూకే వేళకి ఒక్కతే పైకెళ్ళి ఆ గడియారానికి కీ ఇచ్చి వచ్చేది. ఒక్కపూట కీ ఇవ్వకపోతే ఆగిపోయే రకం అది. కొడుకు ఆగినా కొడుకు గడియారం ఆగకూడదని తల్లిప్రాణం కొట్టుకుంటోందిలే అని అందరూ సరిపెట్టుకున్నారు.

ఈ పూట కీ ఇచ్చేవాళ్ళు లేరు. కిటికీలో ఎండ అప్పుడే పసుపు తిరిగింది.

"పెట్టె తీసుకెళ్ళే బండి వచ్చే వేళైంది," అంది పెద్దమ్మ. గొంతు తగ్గించింది. ఆవిడ గొంతు తగ్గించిందంటే అరుపుకంటే ప్రమాదం. "పొద్దున్న ఆవిణ్ణి లేపడానికి వెళ్ళింది నేను. మంచం కింద నువ్విచ్చిన నిద్రమందు సీసా బోర్లా పడి ఉంది. ఒక్క చుక్క లేదు. ఇది బయటికి పొక్కితే ఊరు ఏమంటుందో తెలుసా? ఆడది వైద్యం మొదలెట్టింది, ఇంట్లోవాళ్ళతోనే బోణీ చేసింది, అంటుంది. మీ పెదనాన్న ఎందుకు తొందరపడుతున్నారనుకున్నావే? నీ కోసం!"

చిన్న డాక్టరు పెదనాన్న మొహం చూసింది. ఆయన నిప్పు మొహం చూశాడు.

"నిజమేనా పెదనాన్నా?"

"గుండె ఆగిందని చెప్పాను," అన్నాడాయన. "ఊరికి ఆ ముక్క చాలు."

"నన్ను కాపాడుకోవడానికి అత్తయ్యకి మూత వేయిస్తున్నారా?"

"పోయినవాళ్ళకి తొందరేమిటి, ఆలస్యమేమిటి అమ్మాయ్. ఉన్నదానివి నువ్వు."

ఆ మాట ప్రేమతో అన్నదే. ప్రేమతో అన్న మాటకి జవాబు చెప్పడం కష్టం. తిట్టైతే ఎప్పుడో తిప్పికొట్టేది. చిన్న డాక్టరు మూత మీదనుంచి లేచింది గానీ, తాత అటు అడుగు వేసేలోపే ఒక కాలు మూత మీద పెట్టి తొక్కిపట్టింది.

"పొద్దున్నుంచీ ఈ చలిలో ఉంది. చచ్చిన మనిషైతే ఈపాటికి కర్రలా బిగుసుకుపోవాలి. చూడండి." పెట్టెలోకి వంగి అత్తయ్య చెయ్యి ఎత్తింది. వేళ్ళు మడిచింది, విప్పింది. "మడిస్తే మడుస్తున్నాయి. కనురెప్ప ఎత్తితే కంటిపాప ఆవగింజంత ఉంది. నిద్రమందు ఎక్కువైతే అలా ఉంటుందని నాకు చెప్పిందెవరు? మీరే."

"ముక్కు దగ్గర అద్దం పెట్టి చూశానమ్మా. ఒకసారి కాదు. ఊపిరి లేదు. నాడి లేదు."

"నాడి దొరకలేదు. లేకపోవడం వేరు, దొరకకపోవడం వేరు."

"వాదన నేర్పింది కూడా మీరేగా, అనుభవించండి," అంది పెద్దమ్మ. తర్వాత నడుము మీద చేతులు పెట్టుకుని చిన్న డాక్టరు ముందుకొచ్చింది. "సరే. మళ్ళీ చూస్తారు. అప్పుడూ లేదని తేలితే?"

"తేలితే నా మందుల సంచీ తీసుకెళ్ళి ఆ నిప్పులో పడెయ్యి. కత్తులూ సూదులూ కాలవు, తాతకిస్తాను. మేకులు చేసుకుంటాడు. ఇక ఎవరి చెయ్యీ పట్టుకుని చూడను."

"మేం చూసిన సంబంధం చేసుకుంటావా?"

"సంచీని కాలిస్తే చాలదా పెద్దమ్మా? నన్ను కూడా కాల్చాలా?"

మేకుల తాతకి నవ్వొచ్చింది. మేకులు నోట్లో ఉన్నాయి కాబట్టి మింగకుండా జాగ్రత్తగా నవ్వాడు.

పెద్ద డాక్టరు నిట్టూర్చి, కోటు లోపలి జేబులో చెయ్యి పెట్టాడు. చేతికి ముందు తగిలింది చిన్న చదును సీసా. గుండెల్లో నొప్పికి వేడినీళ్ళు నింపుకుని ఒంటికి ఆనేలా పెట్టుకుంటాడు. దాన్ని పక్కకి నెట్టి, దాని వెనకనుంచి అద్దం తీశాడు. అరచెయ్యంత గుండ్రటి వెండి అద్దం. ఆయన గురువు పోతూ పోతూ ఇచ్చింది. ఆ ఊళ్ళో ఎంత పేరున్నవాళ్ళైనా ఆ అద్దం చెబితేనే పోయినట్టు లెక్క. వారసులు ఏడుపు మొదలుపెట్టాలన్నా దాని కోసం ఆగేవాళ్ళు.

ఆయన పెట్టె మీదికి వంగి, చెల్లెలి ముక్కు దగ్గర అద్దం పట్టాడు.

అందరూ ఊపిరి బిగబట్టారు. పెట్టెలో ఉన్నావిడ ఊపిరి కనపడాలని బయటివాళ్ళు తమది ఆపుకోవడం!

అద్దం తళతళలాడుతూనే ఉంది. మసక లేదు, మచ్చ లేదు.

"చూశావుగా," అన్నాడాయన అద్దం ఆమె వైపు తిప్పి. "నాకు మాత్రం ఇష్టమా తల్లీ?"

పెద్దమ్మ సంచీ తెచ్చింది. అయితే నిప్పులో వెయ్యలేదు. ఎందుకో ఆవిడకీ చెయ్యి రాలేదు. చిన్న డాక్టరు చేతికే ఇచ్చింది. "నువ్వే వెయ్యి. మాట అన్నది నువ్వు."

చిన్న డాక్టరు సంచీ అందుకుంది. నాడి చూడటానికని బావ చేసిచ్చిన బుల్లి గడియారం దాని పట్టీకి వేలాడుతోంది. నిప్పుగూటి వైపు నడిచింది. పెదనాన్న పక్కకి రాగానే ఆగింది.

"ఒకసారి అద్దం ఇలా ఇవ్వండి. నేనూ నా కళ్ళతో చూసుకోనివ్వండి."

ఆయన ఇచ్చాడు.

అరచేతిలో పడగానే ఆమె వేళ్ళు ఉలిక్కిపడ్డాయి. ఆ ఇంట్లో గ్లాసు పట్టుకుంటే చలి, తలుపు గొళ్ళెం పట్టుకుంటే చలి, పడుకున్న పక్క కూడా చలి. ఇది మాత్రం అప్పుడే పొయ్యి మీదనుంచి దింపిన గిన్నెలా ఉంది.

ఆమె అద్దం వైపు చూసింది. పెదనాన్న కోటు జేబు వైపు చూసింది. సంచీ కింద పెట్టేసింది.

"పెదనాన్నా, దీన్ని మళ్ళీ జేబులో పెట్టండి. ఎప్పుడూ పెట్టే చోటే, సీసా పక్కన."

"ఎందుకు?"

"పెట్టండి."

పెట్టాడు. ఆమె కాసేపు ఆగింది. "ఇప్పుడు తీసి మీ ముక్కు దగ్గర పట్టుకోండి."

"నా ముక్కా?"

"మీదే. పరాయిముక్కు అడగలేదుగా."

"మతిపోయింది పిల్లకి," అంది పెద్దమ్మ. కానీ రెండడుగులు ముందుకు వేసింది.

పెద్ద డాక్టరు అద్దం తీసి ముక్కు దగ్గర పట్టుకున్నాడు. ఊపిరి వదిలాడు. చూసుకున్నాడు. మళ్ళీ వదిలాడు, ఈసారి గట్టిగా, నోటితో. మళ్ళీ చూసుకున్నాడు.

అద్దం తళతళలాడుతూనే ఉంది. ఆయన మొహం అందులో స్పష్టంగా కనిపిస్తోంది. ఆ మొహంలో రంగు దిగిపోవడం కూడా స్పష్టంగానే కనిపించింది.

మేకుల తాత నోరు తెరిచాడు. మేకులన్నీ రాతినేల మీద జలజలా రాలాయి.

"అంటే..." అన్నాడు తాత, "పెద్ద డాక్టరుగారు కూడా పోయినట్టేనా? కొలత నా దగ్గరుంది గానీ, చెక్క సిద్ధంగా లేదు బాబూ!"

"వేడి అద్దానికి ఊపిరి మసక పట్టదు," అని చిన్న డాక్టరు పెదనాన్న చేతిలోంచి అద్దం లాక్కుని, కిటికీ తెరిచి, మంచు పట్టిన గట్టు మీద పెట్టింది. చల్లారాక తీసి తుడిచింది. అత్తయ్య ముక్కు దగ్గర పట్టింది.

చూసింది. ఇంకా చూసింది. పెద్దమ్మ వెనకనుంచి ఆమె భుజం పట్టుకుంది, ఎప్పుడు పట్టుకుందో ఆవిడకే తెలీదు.

అద్దం మీద ఉల్లిపొరంత మసక కమ్మింది. మెల్లగా విడిపోయింది. ఎంతో సేపటికి మళ్ళీ కమ్మింది.

"అమ్మో!" అంది పెద్దమ్మ.

ఆ "అమ్మో" తర్వాత ఆ ఇంట్లో ఎవరు నడిచారో ఎవరు పరుగెత్తారో చెప్పడం కష్టం. ఇంతసేపూ సంచీ కాల్చమన్న మనిషే ఇటుకలు కాల్చి గుడ్డల్లో చుట్టి తెచ్చింది. చెంచా నిలబడేంత చిక్కటి కాఫీ కాచింది. "తాతా, అట్లా చెట్టులా నిలబడతావేం, పట్టు!" అని గదమాయించింది. తాతా, ఆవిడా కలిసి అత్తయ్యను పెట్టెలోంచి ఎత్తి సోఫా మీదికి చేర్చారు. తాను చేసిన పెట్టెలోంచి మనిషిని బయటికి తీయడం తాతకి కొత్త.

చిన్న డాక్టరు ముక్కుకి ఘాటుమందు పెట్టింది. చెంపలు తట్టింది. పాదాలు గట్టిగా రుద్దింది. "అత్తయ్యా! లే! నిద్రపోకు! నన్ను తిట్టు! మొన్న ఉతికిన దుప్పటి మడత పెట్టలేదని తిడుతున్నావు కదా, అది సగంలో ఉండిపోయింది. పూర్తిచెయ్యి!"

అలా అంటూనే చెయ్యి వెనక్కి చాపింది. "పెదనాన్నా, ఆ వేడి సీసా. అత్తయ్య పాదాల దగ్గర పెట్టాలి."

సీసా రాలేదు. ఆమె తిరిగి చూసింది. ఆయన నిలబడ్డ చోటే నిలబడి సీసాను రెండు చేతులతో పట్టుకుని చూస్తున్నాడు.

"ఇది ఎప్పట్నుంచి పెట్టుకుంటున్నారు?" అంది. అడగకుండా ఉండాల్సింది. నోరు ఆగలేదు.

"నొప్పి మొదలైనప్పట్నుంచీ," అన్నాడాయన. "నిరుటి చలికాలానికి ముందు."

మేడమీద గడియారం టిక్కుటిక్కుమంటూనే ఉంది.

నిరుటి చలికాలం. ఇదే హాలు. ఇదే అద్దం. ఆ రోజు దీపం పట్టుకుని పక్కన నిలబడింది చిన్న డాక్టరే. తళతళలాడే అద్దం తన కళ్ళతో తనే చూసింది. నమ్మింది.

"అయితే మన అబ్బాయి..." అంది పెద్దమ్మ.

"అనకు!" అన్నాడు పెద్ద డాక్టరు. ఆ అరుపు ఆయనది కాదనిపించింది. కుర్చీ వెతుక్కుని అందులో కూలబడ్డాడు.

మేకుల తాత నేల మీద మేకులు ఏరుకుంటున్నాడు. ఏరుతూ ఏరుతూ ఆగి, గుప్పిట్లో ఉన్నవాటిని చూసుకున్నాడు.

"చిన్న డాక్టరమ్మా, ఒక సంగతి చెప్పనా? నాకు ఇప్పటిదాకా అర్థం కాలేదు. ఆ రోజు మీ అత్తయ్య నన్ను మేకు కొట్టనివ్వలేదు. రాతిగది గుమ్మంలో సుత్తి లాక్కుంది. కొడుక్కి నేనే కొట్టుకుంటా, అందరూ పొండి, అంది. తల్లి కదా అని ఊరుకున్నాం. మర్నాడు సుత్తి తెచ్చిచ్చింది. మేకులు కూడా తెచ్చిచ్చింది. మిగిలాయి తాతా, అంది."

"ఎన్ని మిగిలాయి?"

"అదే తల్లీ," అన్నాడు తాత. "నేనిచ్చినవన్నీ మిగిలాయి."

సోఫా మీద అత్తయ్య గొంతులో గురగురమంది. దగ్గు వచ్చింది. చిన్న డాక్టరు గభాలున లేవదీసి కూర్చోబెట్టి, కాఫీ చెంచాతో పెదాలకి అందించింది. సగం ఒలికింది. సగం దిగింది. కళ్ళు తెరుచుకున్నాయి. ముందు ఇంటికప్పు చూశాయి, తర్వాత కిటికీలో మసకబడ్డ వెలుగు చూశాయి.

"పొద్దుగూకిందా?" అంది అత్తయ్య. మాట ముద్దముద్దగా ఉంది. "పైన వాడికి ముద్ద పెట్టారా?"

పెద్దమ్మ తలెత్తి ఇంటికప్పు వైపు చూసింది.

"ఎవరికి అత్తయ్యా?" అంది చిన్న డాక్టరు. చెంచా పక్కన పెట్టేసింది.

"వాడి పాలు... నొప్పికి నీ చుక్కలు కలిపాను. చీకట్లో గిన్నె మారిపోయిందే. వాడిది నేను తాగేశాను." అప్పటికి అత్తయ్యకి ఎదురుగా ఉన్న మొహాలు కనిపించాయి. అన్నగారి మొహం కనిపించింది. చెయ్యి మెడ దగ్గరికి పోయి తాళంచెవిని గుప్పిట్లో బిగించింది. "నేనేం అనలేదు. నిద్రలో ఏదో అన్నాను."

"ఏడాదిగా నిద్ర రావట్లేదని నా దగ్గర మందు అడిగావు. అది నీకు కాదన్నమాట."

"ఏమీ లేదే. పో."

"అత్తయ్యా."

"చచ్చాడని ఒకసారి చెప్పినవాళ్ళ చేతికి మళ్ళీ ఇవ్వను!" అత్తయ్య అన్నగారి వైపు వేలు చూపించింది. "మీ అందరికీ ఆ అద్దమే చాలింది. నువ్వూ నమ్మావు కదే. దీపం పట్టుకుని నిలబడి నువ్వూ నమ్మావు."

"నమ్మాను," అంది చిన్న డాక్టరు. "అప్పుడు అద్దాన్ని నమ్మాను. ఇవాళ దాన్నే నమ్మి ఉంటే నువ్వు ఈ మాట అనడానికి ఉండేదానివి కాదు. తాళంచెవి ఇవ్వు."

అత్తయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపం పోయి, ఒట్టి తల్లి మిగిలింది. "వద్దే తల్లీ. నీకు తెలియకూడదని వాడే ఒట్టు వేయించుకున్నాడు. తనని నువ్వు చూడకూడదన్నాడు. చూస్తే..."

ఆ మాట ముగియలేదు.

పైనుంచి చప్పుడు వచ్చింది. టిక్కుటిక్కు కాదు. కర్రు... కర్రు... కర్రు... ఎవరో ఓపికగా, అలవాటైన చేత్తో, గడియారానికి కీ ఇస్తున్నారు.

పెద్దమ్మ కళ్ళతోనే హాల్లో ఉన్నవాళ్ళందరినీ చూసుకుంది. భర్త, ఆడపడుచు, తాత, పిల్ల. అందరూ ఇక్కడే ఉన్నారు. ఆవిడ వేళ్ళు మడిచి మళ్ళీ లెక్కపెట్టింది.

చిన్న డాక్టరు అత్తయ్య గుప్పిట ఒక్కొక్క వేలే విప్పింది. బలవంతం చెయ్యలేదు. రోగి చేతిని విప్పినట్టే విప్పింది. తాళంచెవి తీసుకుంది.

"ఒట్టు వేసింది నువ్వు అత్తయ్యా," అంది. "నేను వెయ్యలేదు."

సంచీ భుజాన వేసుకుని మెట్లెక్కింది. కింద పెద్ద డాక్టరు కుర్చీలోంచి లేవబోయి లేవలేక "అమ్మాయ్!" అన్నాడు. ఆమె ఆగలేదు. మేడమీద వసారా చీకటిగా ఉంది. చీకటి చివర తలుపు. తలుపు కింద సన్నటి దీపపు గీత. ఏడాదిగా ఈ తలుపు ముందునుంచే రోజూ నడిచింది. ఆ గీత ఎప్పుడూ కనపడలేదంటే, ఎవరో ఎప్పుడూ లోపల గుడ్డ అడ్డం పెట్టి ఉండాలి. ఇవాళ పెట్టడం మర్చిపోయారు.

తాళంచెవి తిప్పింది. తాళం ఊడి చేతిలోకి వచ్చింది.

లోపల కీ చప్పుడు ఆగిపోయింది. ఒక కాలు ఈడుస్తూ ఎవరో తలుపు దాకా వచ్చారు. చెక్కకి అవతల ఊపిరి వినిపించింది. అద్దం అక్కర్లేనంత దగ్గరగా.

"బావా," అంది.

జవాబుగా లోపల్నుంచి గడియ పడింది.

చిన్న డాక్టరు నుదురు తలుపుకి ఆనించి ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తెరిచి, మెట్ల వైపు తిరిగి, ఆ రాతిమేడ అంతా మోగేలా పిలిచింది.

"మేకుల తాతా! ఆ సుత్తి పట్టుకుని పైకి రా!"